ఆది తెచ్చినావా?

ధర్మవరంలో మా ఇంటి వసారాలో అమ్మ కుట్టుమిషను ఉండేది. లోపలి గదిలో నాన్న మగ్గం, బయట అమ్మ మిషను. మగ్గం ఆగినప్పుడు మిషను చప్పుడు వినబడేది. జాకెట్టు గుడ్డ పట్టుకుని వీధిలో ఎవరొచ్చినా, కూర్చోమనడానికి ముందే అమ్మ అడిగే మాట ఒకటి: "ఆది తెచ్చినావా?"

ఆది అంటే ఒంటికి చక్కగా కుదిరిన పాత జాకెట్టు. దాన్ని చూసే కొత్తది కత్తిరిస్తారు. అమ్మ దాన్ని చాప మీద తిరగేసి పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేసి, చంక దగ్గర వేలితో తడిమి "ఇక్కడ పడతాందా నీకు?" అనేది. పట్టడమంటే ఒరుసుకోవడం. వచ్చినామె "కొంచెం పడతాది వదినా" అంటే, చంక పావు అంగుళం దింపి సుద్దతో గీసేది. ఆమె లావా సన్నమా, పొట్టా పొడుగా అన్న ప్రశ్నే లేదు. వోణీ వేసుకునే పిల్లకైనా, ఇద్దరు బిడ్డల తల్లికైనా, డెబ్బయ్యేళ్ళ అవ్వకైనా ఎవరి ఆది వాళ్ళదే. ఒళ్ళు ఎట్లుంటే గుడ్డ అట్లా ఒదగాలి. గుడ్డకి తగ్గట్టు ఒళ్ళు ఉండాలని మా వసారాలో ఎవరూ అనగా వినలేదు.

ఆ మాట బెంగళూరు వచ్చాక విన్నాను.

2013లో వచ్చాను. మడివాళలో లేడీస్ హాస్టలు, బొమ్మనహళ్ళిలో ఒక చిన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం. జీతం 11,000. హాస్టలుకి 4,500, ఇంటికి 3,000, ఆపైన బస్సు, ఫోను, ఆదివారం హాస్టల్లో వంట లేనప్పుడు టిఫిను. బట్టలకని నెలకి 500 పక్కన పెట్టగలిగితే అదే గొప్ప. దసరాకి ఒక పెద్ద షాపులో మూడు కొంటే రెండు ఉచితమన్నారు. నాలుగైదు నెలలు కూడబెట్టిన 2,100 ఒకేసారి ఇచ్చి ఐదు కుర్తాలు తెచ్చుకున్నాను. సైజు ఎల్. తుంటి దగ్గర ఎమ్ పట్టేస్తోందని ఎల్ తీసుకున్నా. భుజాలేమో జారిపోతున్నాయి. ట్రయల్ రూము బయట నిలబడ్డ అమ్మాయి నన్ను కింది నుంచి పైకి చూసి, "మేడం, మీది పియర్ షేపు. మీకు కుర్తాలు అంతగా సెట్ కావు, అనార్కలీ ట్రై చేయండి" అంది. ఆ అమ్మాయిని నేనేమీ అనను. అట్లా చెప్పమని ఎవరో నేర్పి ఉంటారు.

ఆ ఐదింటితో ఏడాదిన్నర గడిపాను. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ వెనక చేయి పెట్టి కుర్తా కిందికి లాక్కోవడం అలవాటైపోయింది. ఫైలు తీయడానికి చేయెత్తితే మొత్తం కుర్తా నాతోపాటు పైకి లేచేది. ఆఫీసులో నన్ను చూసి ఎవరూ ఏమీ అనలేదు. అయినా రోజంతా ఒంటి మీద ఒక చేయి వేసుకుని కాపలా కాస్తున్నట్టుండేది. చూసేవాళ్ళకి ఎలా కనబడతామన్నది తర్వాత సంగతి. కుదరని బట్ట ముందు మన బుర్రని తినేస్తుంది, ఆ సంగతి అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో రాత్రిళ్ళు ఫోన్లో పియర్ షేపు గురించి చదివాను, వీడియోలు చూశాను. ఆడవాళ్ళ ఒళ్ళు ఐదు రకాలట: యాపిల్, పియర్, అవర్‌గ్లాస్, రెక్టాంగిల్, తిరగేసిన త్రికోణం. ప్రతిదానికీ ఏం వేసుకోవాలో, ఏం వేసుకోకూడదో పట్టిక. నిజాయితీగా చెప్తున్నా, నేను వాటిని కొట్టిపారేయలేదు, నోట్సు రాసుకున్నాను. రాసుకున్నది తిరిగి చదువుకుంటే అందులో ఉన్న క్రియలన్నీ ఒకే జాతివి. దాచండి, కప్పండి, తగ్గించి చూపండి, చూపు మళ్ళించండి. ఐదు రకాలని పేరుకే. చివరికి తేలేదేమిటంటే అందంగా ఉన్న ఆకారం ఒకటే, అవర్‌గ్లాస్. మిగతా నలుగురూ దానిలా కనబడటానికి తంటాలు పడాలి. ఒక్క పేజీ నోట్సులో నా ఒళ్ళు నేరాల చిట్టాగా మారిపోయింది. మా అమ్మ చాప మీద ఎవరి జాకెట్టుకీ ఆ గతి పట్టలేదు.

నాకు ఆ పటాల మీద కోపం ఉంది, దాచుకోను. కానీ కోపం సంగతి పక్కన పెట్టి చూసినా అవి పనికిరావు. అవి మనిషిని ఎదురుగా నిలబెట్టి, కాగితం మీద గీసిన బొమ్మలాగా చూస్తాయి. గుడ్డ మాత్రం మనిషి చుట్టూ తిరుగుతుంది. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిదీ, నాదీ ఆ పటం ప్రకారం ఒకే పండు. తనకి భుజాలు కిందికి వాలి ఉంటాయి, నాకు సూటిగా ఉంటాయి. తన నడుము పొడుగు, నాది పొట్టి. తనకి కుదిరిన కుర్తా నాకు ఒక్కటీ కుదిరింది లేదు. ఆ తేడాలకి ఏ పండు పేరూ లేదు. అమ్మ అయితే ఆ రెండు ఆదులూ పక్కపక్కన పరిచి నిమిషంలో చెప్పేసేది.

ఆ పటాల్లోని సూత్రాలు కూడా అంత గట్టివి కావు. లావుగా ఉన్నవాళ్ళు అడ్డగీతలు వేసుకోకూడదన్నది నేను మొదట రాసుకున్న సూత్రం. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపు గురించి రాస్తూ 1867లోనే దీనికి ఎదురుమాట చెప్పాడు. ఒకే కొలత ఉన్న రెండు చతురస్రాలు తీసుకుని ఒకదాన్ని అడ్డగీతలతో, ఇంకోదాన్ని నిలువుగీతలతో నింపితే, అడ్డగీతలదే పొడుగ్గా, సన్నగా కనబడుతుందట. మనిషి ఒళ్ళు చతురస్రం కాదు కాబట్టి దాన్నీ వేదంలా తీసుకోనక్కర్లేదు. కానీ ఆ సూత్రాన్ని నమ్మి నేను నాలుగేళ్ళు ఒక్క అడ్డచారల చీర కూడా కట్టలేదు. నాకు అడ్డచారలంటే ప్రాణం. మా నాన్న ఆఖరున నేసిన చీరల్లో ఒకటి అడ్డచారలది. అది అన్నాళ్ళూ పెట్టెలో ఉండిపోయింది.

ఇక సైజుల సంగతి. ఎస్, ఎమ్, ఎల్ అని మనం అంత గురిగా నమ్మే సైజుల వెనక ఏముందో తెలుసుకున్నాక నాకు చాలా బరువు దిగింది. 1939, 1940 సంవత్సరాల్లో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15,000 మంది ఆడవాళ్ళని ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిపించింది. గృహవిజ్ఞానం ఆ శాఖ కింద ఉండేది, అందుకని వాళ్ళు. తెల్లవాళ్ళు కానివాళ్ళ కొలతలు లెక్కలో కలపలేదు. 1941లో పుస్తకం వేశారు. దాని ఆధారంగా 1958లో అక్కడ ఒక అధికారిక సైజుల పట్టిక వచ్చింది, 1983లో దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత ఎవరి సైజు వాళ్ళదే. మన దగ్గర సొంత పట్టికంటూ ఉండేది కాదు. ఫ్యాషన్ చదువులు చెప్పే ప్రభుత్వ సంస్థ నిఫ్ట్ వాళ్ళు హైదరాబాదు, బెంగళూరుతో కలిపి ఆరు నగరాల్లో 25,000 మందిని స్కానర్లతో కొలిచే ఇండియా సైజ్ పని తలపెట్టినప్పుడు ప్రభుత్వమే కారణం చెప్పింది. ఇక్కడి కంపెనీలు వేరే దేశాల పట్టికలని అటూ ఇటూ మార్చి వాడుతున్నాయని, అందుకే కొన్న బట్టల్లో నూటికి 20 నుంచి 40 దాకా వాపసు వస్తున్నాయని. అంటే ట్రయల్ రూములో నేను అద్దం ముందు తలదించుకున్న రోజున తప్పు నా తుంటిది కాదు. ఎక్కడో ఎవరి ఒంటికో కొలిచిన గుడ్డలో నేను నన్ను ఇరికించుకోబోయాను.

ఈ సంగతి నాకు లెక్కలతో కాక కళ్ళకి కట్టినట్టు చెప్పింది కుప్పం అక్క. హాస్టలు వదిలేసి హొంగసంద్రలో ఒక గది తీసుకున్నాక పక్క వాటాలో ఉండేది. హోసూరు రోడ్డు వైపు ఒక గార్మెంట్స్‌లో చెకింగ్‌లో పని. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు తీసుకునే రూలు మార్చారని వేలమంది గార్మెంట్స్ ఆడవాళ్ళు రోడ్డెక్కి, రెండు రోజుల్లో కేంద్రం చేత ఆ రూలు వెనక్కి తీయించారు, గుర్తుందా? అందులో ఆమె ఉంది. మా ఆఫీసు లారీలు ఆ రెండు రోజులూ కదల్లేదు. నేను కిటికీలోంచి చూసిన ఆ గుంపులో నా పక్కింటి మనిషి ఉందని సాయంత్రం తెలిసింది.

ఆమె ఒకరోజు నా ఎల్ సైజు కుర్తా చేతిలోకి తీసుకుని తిరగేసింది. "ఒక పార్టీకి ఎమ్ అంటే 38, ఇంకో పార్టీకి ఎమ్ అంటే 40. అదే లైన్లో, అదే మిషను మీద కుడతా ఉంటాము. నువ్వేమో ఎమ్ పట్టలేదని ఏడస్తా ఉండావు" అంది. పార్టీ అంటే ఆర్డరిచ్చి కుట్టించుకునే కంపెనీ. తర్వాత లోపలి కుట్టు చూపించింది. "ఇది చూడు. ఓవర్‌లాక్. కుడతానే అంచు కోసేస్తాది. లోపల గుడ్డే లేదు. ఇంక యాడ విప్పుతావు?"

ఆ మాటతో నాకు అమ్మ జాకెట్లు గుర్తొచ్చాయి. అమ్మ పక్కలకి మూడు వరసలు కుట్టేది. లోపల అంగుళం పైన గుడ్డ వదిలేది. పిల్ల ఎదిగితే ఒక వరస విప్పుకోవచ్చు, కాన్పు అయ్యాక ఇంకొకటి, తర్వాత తగ్గితే మళ్ళీ వేసుకోవచ్చు. మనిషి ఒళ్ళు మారుతుందని ఆ జాకెట్టుకి ముందే తెలుసు. రెడీమేడ్ కుర్తాకి ఆ ఊహే లేదు. ఒక గుడ్డ ఒంటికి నాలుగేళ్ళు ఉండాలా, నాలుగు నెలలు ఉండాలా అన్నది ఆ లోపలి అంగుళంలో తేలిపోతుంది. తక్కువ డబ్బుతో బతికేవాళ్ళు షాపులో మొదట చూడాల్సింది గుడ్డ బయటి పూలు కాదు, లోపలి కుట్టు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. డబ్బు తక్కువున్నవాళ్ళు తమ ఒళ్ళు ఏ పండో వెతుక్కోవడం మానేసి, తమకొక ఆది పెట్టుకోవాలి. బట్టల డబ్బంతా బట్టకే పోయకుండా అందులో కొంత కుట్టుకి మిగుల్చుకోవాలి. 500 ఉంటే 500 కుర్తా కొనకూడదు. 400 కుర్తా కొని, 100 టైలరు మాస్టరుకి ఇవ్వాలి. ఆ వంద రూపాయలు చేసే పని ఆ నాలుగు వందలు చేయలేవు.

నాకు దొరికిన మాస్టరుది మదనపల్లె. బస్టాపు వెనక సందులో, మెట్ల కింద ఒక మిషను పట్టేంత చోటు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఎల్ సైజు కుర్తా ఇచ్చి భుజం తగ్గించమన్నాను. ఆయన దాన్ని పట్టుకుని చూసి, "భుజం విప్పితే చెయ్యి విప్పాల, చెయ్యి విప్పితే చంక మారిపోతాది. నూటయాభై అవుతాదమ్మా, అయినా మంచిగా రాదు" అన్నాడు. "మీకు భుజానికి సరిపోయేది ఎమ్. అది తెచ్చుకోండి, తుంటి సంగతి నేను చూసుకుంటా."

నమ్మలేదు. ఎమ్ తుంటి దగ్గర పట్టేస్తుందనే కదా ఇంత కథ. అయినా కట్ పీసుల షాపు పక్కన 280కి ఒక నీలం కాటన్ కుర్తా, ఎమ్, కొని తీసుకెళ్ళాను. వేసుకుని నిలబడమన్నాడు. పక్క చీలిక ఎక్కడ మొదలవుతుందో చూశాడు. నా తుంటి అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోటుకి సరిగ్గా రెండున్నర అంగుళాలు కిందుగా మొదలవుతోంది. అరిగిన సబ్బుముక్కతో పైన ఒక గీత పెట్టాడు. నేను తెర వెనక మార్చుకుని ఇచ్చాక, బ్లేడు ముక్కతో రెండు పక్కలా ఆ గీత దాకా కుట్టు విప్పాడు, అంచు మడిచి కుట్టాడు, చీలిక కొసన ఊడిపోకుండా అడ్డంగా నాలుగుసార్లు మిషను ముందుకీ వెనక్కీ ఆడించాడు. పది నిమిషాలు. 40 రూపాయలు.

వేసుకుని కూర్చుని లేచాను. కుర్తా దానంతటదే కిందికి జారింది. అలవాటుగా వెనక్కి వెళ్ళిన చేయి ఖాళీగా ఆగిపోయింది. ఆ సాయంత్రం బస్సులో నిలబడి, పైన కడ్డీ పట్టుకుని మడివాళ దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాను. ఊరికే. చేయెత్తితే గుడ్డ నా వెంట రావడం లేదని చూసుకోవడానికి.

రెండున్నర అంగుళాలు. ఏడాదిన్నర పాటు నా ఒంట్లో ఉందనుకున్న లోపం అంతే, కుర్తాకి పెట్టిన చీలికలో ఉంది.

అక్కణ్ణుంచి నాకొక పద్ధతి కుదిరింది. విప్పి బాగుచేయడానికి వీల్లేని చోటు ముందు కుదరాలి. కుర్తాకి, చొక్కాకి అది భుజం, చంక. భుజం కుట్టు మీ భుజం ఎముక కొసన కూర్చోవాలి. అక్కణ్ణుంచి కిందికి జారినా, మెడవైపు ఎక్కినా ఆ బట్ట ఎంత చవకైనా అక్కడే వదిలేయండి. చంక మరీ దిగిపోయి ఉంటే చేయెత్తినప్పుడు కుర్తా అంతా లేస్తుంది. కోసేసిన చంకకి గుడ్డ తిరిగి అతికించలేరు. పక్కలు తగ్గించడం, పొడవు కత్తిరించడం, చీలిక పైకి తీయడం, చేతులు కురచ చేయడం సులువు. ప్యాంటుకి మాత్రం లెక్క తిరగబడుతుంది. తుంటికీ తొడకీ సరిపోయేది కొనాలి. నడుము వదులైతే వెనక మధ్య కుట్టు దగ్గర మాస్టరు లాగేస్తాడు. నడుముకి సరిపోయిందని కొని తుంటి దగ్గర బిగిసిపోతే చేసేదేమీ లేదు.

పర్సులో టేపు ఉంటుంది నాకు. పది రూపాయల టేపు. ఇంట్లో నా ఆది ఆ నీలం కుర్తాయే. దాన్ని మంచం మీద పరిచి భుజం నుంచి భుజానికి, చంక నుంచి చంకకి, భుజం నుంచి చీలిక దాకా, మొత్తం పొడవు కొలిచి ఫోన్లో రాసుకున్నాను. షాపుకెళితే సైజు చీటీ చూడను. కౌంటరు మీద కుర్తా పరిచి చంక నుంచి చంకకి టేపు పెడతాను. మొదట్లో సేల్స్ కుర్రాళ్ళు వింతగా చూసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళే టేపు రెండో కొస పట్టుకుంటున్నారు. ఇంటర్నెట్లో కొన్నా ఇదే. "ఎమ్ బస్ట్ 38" అని రాస్తే అది ఒంటి కొలతా, గుడ్డ కొలతా అన్నది ముందు చూడాలి. సాగని గుడ్డ ఛాతీ దగ్గర ఒంటి మీద కనీసం రెండు అంగుళాలు వదులుండాలి, లేకపోతే ఊపిరి పీల్చినప్పుడల్లా గుండీలు నోళ్ళు తెరుస్తాయి.

ఒక మాట ఆడవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి, సిగ్గుపడి చెప్పకపోతే లాభం లేదు. లోపల వేసుకునే బ్రా కుదరకపోతే పైన ఏ మాస్టరూ ఏమీ చేయలేడు. ఛాతీ ఉండాల్సిన చోటికి అంగుళం కిందుంటే కుర్తా డార్టులన్నీ, అంటే ఛాతీ దగ్గర ఆకారం కోసం వేసే మడత కుట్లు, తప్పు చోట పడతాయి, నడుము దగ్గర ముడతలు వస్తాయి. తప్పు కుర్తాదని ఇంకో కుర్తా కొంటాం. డబ్బు మొదట అక్కడ పెట్టండి. మా ఊళ్ళల్లో అమ్మలు కొనిచ్చే సైజే పెళ్ళయ్యాక కూడా కొనుక్కుంటూ పోయే ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

ఎక్కడ కొనాలన్నది ఎక్కువగా అడుగుతారు. గుడ్డ కొని కుట్టించుకునే ఓపిక ఉంటే చిక్కపేటకే వెళ్ళండి. మెట్రో దిగితే సందుల్లోకే దింపుతుంది. నాకు కర్ణాటక అడ్రసు లేదు కాబట్టి శక్తి పథకం ఉచిత బస్సు దొరకదు, ఆ ఛార్జీ కూడా లెక్కలో వేసుకుని రెండు నెలలకోసారి వెళ్తాను. గుడ్డ తాను మీద కోయించేదానికన్నా తాను చివర మిగిలిన ముక్కలు చవక. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, చూసుకోవాలి. 44 అంగుళాల పన్నా అయితే నా ఎత్తుకి పూర్తి చేతుల కుర్తా రెండున్నర మీటర్లలో వస్తుంది, 36 అయితే మూడు దాటుతుంది. మీటరు ధర తక్కువని సన్న పన్నా కొంటే మిగిలేదేమీ ఉండదు. కాటన్ అయితే మాస్టరుకి ఇచ్చే ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరేసి ఇవ్వండి. లేకపోతే మొదటి ఉతుక్కే అంగుళం పోతుంది, మీరు లావయ్యారనుకుంటారు. కుట్టేటప్పుడు పక్కల లోపల అంగుళం గుడ్డ వదలమని నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే వదలరు.

ఎక్స్‌పోర్ట్ మిగులు షాపులు మారతహళ్ళి వైపూ, మా వైపూ చాలా ఉన్నాయి. చీటీ కత్తిరించి అమ్ముతారు. ఊడిన గుండీ, వేలాడే దారం, అంచున చిన్న మరక, ఇవన్నీ పర్వాలేదు. కుప్పం అక్క నేర్పిన పరీక్ష ఒకటుంది. టీషర్టు రెండు భుజాలూ పట్టుకుని వేలాడదీసి, పక్క కుట్టు సూటిగా దిగుతోందా, పొట్ట మీదికి మెలి తిరుగుతోందా చూడాలి. అల్లిక గుడ్డ నూలులో మెలి ఉంటే ఆ కుట్టు తిరుగుతుంది, ఉతికేకొద్దీ ఇంకా తిరుగుతుంది, ఇస్త్రీకీ టైలరుకీ లొంగదు. యాభై రూపాయలకిచ్చినా వద్దు.

రంగుల గురించి నేనేమీ చెప్పను. ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకోవాలి. నల్లగా ఉన్నవాళ్ళు పసుపు కట్టకూడదనే మాట మా ఇళ్ళల్లోనే పుట్టింది, దాన్ని మా ఇళ్ళల్లోనే ఆపాలి.

నాతో వాదించేవాళ్ళు రెండు రకాలు. ఒక రకం, బట్టలో ఏముంది, కాన్ఫిడెన్స్ ఉంటే చాలంటారు. చంకలో కుట్టు ఒరుసుకుని ఎర్రగా దద్దురు లేచినప్పుడు కాన్ఫిడెన్స్ దాన్ని ఆర్పదు. ధైర్యం మనసులో ఉండేదే, కాదనను. కానీ అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుడ్డని కిందికి లాక్కుంటూ ఖర్చైపోతుంది. రెండో రకం మా పెద్దవాళ్ళు. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లకి సోకులెందుకు, పైన పటారం లోన లొటారం అంటారు. మా చిన్నత్త నా ముఖం మీదే అంది. ఆమెకి అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తున్నా. డబ్బున్నవాళ్ళు నలిగిన టీషర్టులో వస్తే సాదాసీదా మనిషి అంటారు. హాస్టలు పిల్ల అదే టీషర్టులో బ్యాంకు కౌంటరు దగ్గరికి వెళితే, పక్కకి జరగమంటారు. లేనివాళ్ళకే బట్ట ఎక్కువ అవసరం. మాకు ఇంకే గుర్తింపు కార్డూ లేదు. 320 రూపాయల నీలం కుర్తా ఒంటికి అతికినట్టు ఉంటే, దాని ధర ఎవరూ అడగలేదు. పటారం అంటే లేనిది ఉన్నట్టు చూపడం. నేను నాకు ఉన్నదే చూపిస్తున్నాను.

ఆ పటాల్లో ఒక్క ముక్క మాత్రం నిజం, అది ఒప్పుకుంటాను. కుర్తా అంచు ఎక్కడ ఆగుతుందో చూపు అక్కడ ఆగుతుంది. తొడ మధ్యలో ఆగిన కుర్తాకీ, మోకాలికి మూడు వేళ్ళు కింద ఆగినదానికీ నా మీద చాలా తేడా ఉంది. కానీ దానికి పండు పేరు ఎందుకు? పొడుగు కుర్తా ఒకటి వేసుకుని, అద్దం ముందు కింది నుంచి మడుస్తూ రండి. ఎక్కడ బాగుందో మీ కళ్ళే చెప్తాయి. అక్కడ పిన్ను పెట్టండి. ఒక్కసారి చేస్తే చాలు, ఆ అంకె ఫోన్లో ఆది పక్కన రాసుకోండి.

ఆది కూడా ఎల్లకాలం ఉండదు. నా నీలం కుర్తా ఇప్పుడు నాకు ఛాతీ దగ్గర కాస్త పడుతోంది. ముప్పై నాలుగు నిండాయి, రోజంతా కూర్చునే పని. మునుపటి నేనైతే దాన్ని అద్దం ముందు పెట్టుకుని బాధపడేదాన్ని. ఈసారి మాస్టరు దగ్గరికి కొత్త ఆదికి గుడ్డ తీసుకెళ్ళాను, మంగళగిరి కాటను, నిజాం అంచు, అమ్మ పంపింది.

అది కుట్టి వచ్చిన రోజు కుప్పం అక్క మా ఇంట్లోనే ఉంది. తిరగేసి లోపలి అంగుళం చూసి, "బాగ వదిలినాడే" అంది. వేలితో ఆ మడత తడుముతూ చాలాసేపు కూర్చుంది. పన్నెండేళ్ళుగా రోజూ వందల బట్టలకి టేపు పెడుతోంది ఆమె. నీ కొలతలెంత అక్కా అని అడిగాను. "నాకెవరు కొలిచినారు?" అంది. ఉన్న మూడు చీరలకీ రెడీమేడ్ జాకెట్లే, సాగే గుడ్డవి. పండక్కి కొన్న చుడీదారు భుజం జారుతుందని పిన్ను పెట్టుకుంటుంది.

పర్సులోంచి టేపు తీశాను. లేచి నిలబడమంటే మొదట చేతులు రెండూ ఛాతీ మీదికి తెచ్చుకుంది. ఆమె ఫ్యాక్టరీలో బొమ్మలకి తొడిగి కొలుస్తారు, మనుషుల్ని కాదు. చేతులు దింపించి భుజం నుంచి భుజానికి పెట్టాను. పదిహేను. ఛాతీ ముప్పై ఏడున్నర. నేను పైకి చదువుతుంటే ఆమె గ్యాసు బిల్లు వెనక రాసుకుంటోంది. తుంటి దగ్గరికొచ్చేసరికి "అది ఎక్కువుంటాది, రాయొద్దులే" అంది. రాసేదాకా ఊరుకోలేదు నేను. నలభై ఒకటి. అంకెలన్నీ ఒకసారి చదువుకుని, చంక చుట్టు మరిచిపోయినావని చేయెత్తి నిలబడింది.